మా పెరట్లో ‘టిక్ టిక్’ ఎవరిది? మెర్లిన్ యాప్ మాట ఎంతవరకు నమ్మొచ్చు?

పెరటి జామచెట్టు:

అందరికీ నమస్కారం. మాది తెనాలి పక్కన పల్లె. లెక్కల మాస్టారుగా రిటైరై ఆరేళ్ళయింది. వేసవి సెలవులకి వచ్చిన మనవడు పోతూ పోతూ నా ఫోనులో మెర్లిన్ అనే యాప్ వేసి, "తాతయ్యా, బటన్ నొక్కి పెరట్లో కూర్చో, ఏ పిట్ట కూసిందో అదే చెబుతుంది" అన్నాడు. ఇండియా పక్షుల ప్యాక్ కూడా వాడే డౌన్‌లోడ్ చేసిపెట్టాడు. అప్పటి నుంచి పొద్దున పూట పేపరు మానేశాను. మా ఆవిడ పక్కింటివాళ్ళతో "ఆయన ఫోనుకి పిట్టల భాష నేర్పుతున్నారు" అని చెబుతోందట.

ముందు మంచి సంగతి. మా చింతచెట్టులోంచి తెల్లారుతూనే "కూప్... కూప్... కూప్" అని లోతుగా, కుండలోంచి వచ్చినట్టు ఒక కూత. చిన్నప్పటి నుంచీ దాన్ని గుడ్లగూబ అనుకున్నాను. బడిలో పిల్లలకీ అలాగే చెప్పాను. యాప్ దాన్ని గ్రేటర్ కౌకల్ అంది, ఫొటో చూపించింది. తీరా చూస్తే మన జెముడుకాకి! నల్లటి ఒళ్ళు, ఇటుక రంగు రెక్కలు, ఎర్రటి కన్ను. కంచె కింద రోజూ నడుచుకుంటూ పోయేదే. పిట్టా తెలుసు, కూతా తెలుసు, ఈ కూత ఆ పిట్టదని మాత్రం 66 ఏళ్ళకి తెలిసింది.

ఇక నా గొడవ. మిట్టమధ్యాహ్నం జామచెట్టు మీద "టిక్... టిక్... టిక్" అని గోడ గడియారంలా ఒకటే కూత. పది నిమిషాలు, పావుగంట ఆపదు. యాప్ పట్టుకుని కిందే నిలబడితే ఒక్క పేరూ రాదు. ఒక్కోసారి ఏదో పేరు మెరిసి, మళ్ళీ అదే కూతకి ఇంకో పేరు వస్తుంది. పైకి చూస్తే ఆకులు తప్ప ఏమీ లేదు.

రెండోది, మొన్న పొద్దున ఆరింటికి "మలబార్ విజ్లింగ్ థ్రష్" అని చూపించింది, పక్కన ఎర్ర చుక్కతో. ఫొటోలో నీలం నలుపు కలిసిన అందమైన పిట్ట. కొండల్లో సెలయేళ్ళ దగ్గర ఉంటుందని రాసి ఉంది. మా ఊళ్ళో కొండా లేదు, సెలయేరూ లేదు, ఉన్నది పంటకాలువ.

ఇంకోటి. కరివేపాకు చెట్టు పళ్ళు తింటున్న గోధుమరంగు పిట్టకి, ఒంటినిండా తెల్ల చుక్కలున్నదానికి, ఫొటో తీసి చూపిస్తే "కోయిల" అంటోంది. కోయిల నల్లగా ఉంటుందని ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలుసు కదండీ!

మంచిదే అనుకుని మొదలుపెట్టాను, కానీ ఏది నిజమో ఏది అబద్ధమో తేలకపోతే ఇక దీన్ని నమ్మేదెలా?

కాలువ గట్టు:

మాస్టారూ, ఆ టిక్ టిక్ పిట్ట కాదు. ఉడుత.

నవ్వకండి, నేనూ రెండు నెలలు దాని కోసం చెట్లెక్కి దిగాను. ఈసారి కూత వినపడగానే ఆకుల్లో పిట్ట కోసం కాకుండా కొమ్మ మొదట్లో చూడండి. తలకిందులుగా అతుక్కుని ఉంటుంది. కూసినప్పుడల్లా తోక ఒక్కసారి ఝాడిస్తుంది. టిక్, తోక. టిక్, తోక. అది చూశాక మళ్ళీ పొరపడరు. కింద పిల్లి గానీ పైన డేగ గానీ ఉంటే గంట సేపైనా అరుస్తుంది. పిట్టల యాప్‌కి దాని పేరు రాకపోవడమే న్యాయం.

ఆదివారం బైనాక్యులర్:

మాస్టారూ, హైదరాబాద్ నుంచి. నేను ప్రతి ఆదివారం అమీన్‌పూర్ చెరువుకి వెళ్తుంటాను, నాలుగేళ్ళుగా ఇదే యాప్ వాడుతున్నాను. మీ అనుమానాలు న్యాయమైనవే.

ముందు కోయిల. యాప్ చెప్పింది నిజం. మగది నల్లన, ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలు. రెండిటికీ కన్ను ఎరుపే, మీ ఫొటో పెద్దది చేసి చూడండి. "కుహూ" అని పాడేది మగది. ఆడది "కిక్ కిక్ కిక్" అని గబగబా అరిచి ఎగిరిపోతుంది. బాగా పాడే అమ్మాయిని కోకిల అని మెచ్చుకుంటూ వచ్చాం ఇన్నాళ్ళూ, ఏం చేస్తాం.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పొరపడుతుందో కూడా తెలుస్తుంది. యాప్ రికార్డు చేస్తున్నప్పుడు స్క్రీన్ మీద బూడిద రంగు మచ్చలు జరుగుతూ పోతాయి చూశారా? అదే అసలు పని. కూతని బొమ్మగా మారుస్తుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింద నుంచి పైకి స్వరం హెచ్చు. లెక్కల మాస్టారికి గ్రాఫు గురించి నేను చెప్పాలా! కోయిల కుహూ ఐమూలగా పైకి లేచే గీతలా పడుతుంది. జెముడుకాకిది అడుగున బొద్దుగా వరసగా పడుతుంది. ఆకులు కుట్టుకుని గూడు కట్టే బుల్లి పిట్ట కూతయితే ఒకటే కొక్కెం మళ్ళీ మళ్ళీ గీసినట్టు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం వాళ్ళు వేల రికార్డింగుల బొమ్మలు చూపించి కంప్యూటర్‌కి నేర్పించారు. 2021లో ఈ కూతలు గుర్తుపట్టే సదుపాయం వచ్చింది. అంటే అది వింటున్నది పిట్టని కాదు, పోల్చి చూస్తున్నది బొమ్మని. బొమ్మ దగ్గరగా ఉంటే పేరు చెప్పేస్తుంది, కూసింది ఎవరైనా సరే.

అందుకే ఒక ప్రశ్న. మొన్న ఆరింటికి మీ వీధిలో ఎవరైనా ఈల వేస్తూ పోయారా? ఆ విజ్లింగ్ థ్రష్‌కి ఇంగ్లీషులో "ఈల వేసే బడిపిల్లాడు" అని ముద్దుపేరు ఉంది. ఏ రాగమో గుర్తురాక తోచినట్టు ఈల వేసుకుంటూ పోయే కుర్రాడిలా పాడుతుంది.

ఎర్ర చుక్క అంటే "మీ ఊళ్ళో, ఈ కాలంలో ఇది అరుదు" అని. అది యాప్ తప్పు ఒప్పుకోవడం లాంటిదే, అది కనబడితే ఆగి ఆలోచించాలి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. ఏ ఊళ్ళో ఏ పిట్ట ఉండొచ్చు అన్న లెక్క, ఇ-బర్డ్ అనే సైట్‌లో జనం రాసిపెట్టిన జాబితాల నుంచి వస్తుంది. నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. యాప్ పేరు చెబితే అది ఆచూకీ. కంటితో చూశాకే నోట్‌బుక్‌లో రాస్తాను.

ఎర్రనేల:

మాది కడప. మాస్టారి పోస్టు చదివి మా నాన్నకి వినిపించాను, ఉడుత దగ్గర పడీ పడీ నవ్వాడు.

పై ఆయన చెప్పినదానికి ఒక మాట కలుపుతా. యాప్‌కి నేర్పాలంటే ముందు ఎవరో ఒకరు ఆ కూత రికార్డు చేసి ఉండాలి కదా. మా లంకమల వైపు కలివి కోడి అని చాలా అరుదైన పిట్ట ఒకటుంది. పగలు పొదల్లో నక్కి, రాత్రి తిరుగుతుంది. జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848లో దాన్ని కనిపెట్టాడు, ఆ తర్వాత అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. పట్టుకున్నది ఏ శాస్త్రవేత్తో కాదు, ఐతన్న అనే ఊరి వేటగాడు, రాత్రి టార్చిలైటు వెలుగులో. అది కలివి కోడే అని చెప్పడానికి ఆయనకి ఏ యాప్ అక్కర్లేకపోయింది.

ఫోను వద్దనట్లేదు, నేనూ వాడతాను. కానీ మీ ఊళ్ళో గొర్రెలు కాసేవాళ్ళనీ, చేపలు పట్టేవాళ్ళనీ కూడా అడగండి. యాప్‌లో కనిపించే ఇంగ్లీషు పేరు పక్కన వాళ్ళు చెప్పే పేరు రాసిపెట్టుకోండి. ఒకే పిట్టకి ఊరికో పేరుంటుంది, మా పిన్ని వాళ్ళ ఊళ్ళో చెప్పే పేర్లు మాకే అర్థం కావు.

మల్లెపందిరి:

బాబాయిగారూ, ఫిబ్రవరిలో నాలుగు రోజులు పక్షుల లెక్కింపు జరుగుతుంది. పావుగంట పెరట్లో కూర్చుని కనిపించినవి, వినిపించినవి లెక్కపెట్టి ఇ-బర్డ్‌లో ఎక్కిస్తే చాలు. మన దేశంలో 2013 నుంచి చేస్తున్నారు. మీలాంటివాళ్ళు మీ పల్లె నుంచి రాస్తేనే కదా, మీ ఊళ్ళో ఏముంటాయో యాప్‌కి తెలిసేది. ఉడుతని కలపకండి మరి.

పెరటి జామచెట్టు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ మధ్యాహ్నం అన్నం తిని కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒంటి గంటా పది నిమిషాలకి టిక్ మొదలైంది. జామకొమ్మ మొదట్లో ఉడుత, తలకిందులుగా. టిక్, తోక. టిక్, తోక. కింద మా పక్కింటివాళ్ళ బూడిదరంగు పిల్లి, తనకేమీ పట్టనట్టు చెయ్యి నాకుతోంది. ఆవిడని పిలిచి చూపిస్తే "ఇన్నాళ్ళూ దీనికోసమా ఎండలో నిలబడ్డారు" అంది.

ఇక ఈల సంగతి. పాలు పోసే కుర్రాడు సరిగ్గా ఆరింటికి సైకిల్ మీద ఈల వేసుకుంటూ వస్తాడు. రేపు వాణ్ణి గేటు దగ్గర ఆపి ఇంకోసారి వెయ్యమంటాను, యాప్ ఏమంటుందో చూద్దాం.

ఒక్కటి మిగిలింది. రాత్రి పదకొండు దాటాక పొలాల వైపు నుంచి "తిత్తీ తీ తీ" అని అరుచుకుంటూ పోయేదాన్ని రెడ్ వాటిల్డ్ లాప్‌వింగ్ అంది. మన తీతువు పిట్ట. నేల మీద గుడ్లు పెట్టుకుంటుందనీ, కుక్కో నక్కో అటు వస్తే గోల చేస్తుందనీ చదివి ఆవిడకి వివరంగా చెప్పాను. అంతా విని, "పేరు ఏదైతేనేం, కూసింది మనింటి మీదే కదా" అని లేచి వెళ్ళి దేవుడి దగ్గర దీపం పెట్టింది. దీనికి మీ దగ్గరేమైనా యాప్ ఉంటే చెప్పండి.