గేర్‌మ్యాన్‌లో హై ప్రయారిటీ ఇచ్చినా జాబ్ లేటవుతోంది, ఎందుకు?

వంశీ_సి:
ఫ్రెండ్స్, గేర్‌మ్యాన్ (పనుల్ని క్యూలో పెట్టి, వర్కర్లు అనే ప్రోగ్రాములకి పంచే జాబ్ సర్వర్) కోసం సీ భాషలో దాని లైబ్రరీ లిబ్‌గేర్‌మ్యాన్ వాడుతున్నా. కస్టమర్ స్క్రీన్ ముందు బిల్లు కోసం చూస్తుంటాడు కాబట్టి దానికి "క్లయింట్_డూ_హై" కాల్ చేస్తున్నా, రిజల్ట్ వచ్చేదాకా బ్లాక్ అవుతుంది, అది ఓకే. నెలాఖరు బిల్లుల బ్యాచ్ మాత్రం "డూ_లో_బ్యాక్‌గ్రౌండ్"తో (లో ప్రయారిటీ, రిజల్ట్ కోసం ఆగదు) పంపిస్తా. రెండూ ఒకే ఫంక్షన్ (జాబ్ రకం పేరు), యూనిక్ కీ (ఒక్కో జాబ్‌ని గుర్తుపట్టే కీ) ఇన్‌వాయిస్ నంబరే. బ్యాచ్ నడిచేటప్పుడు కొన్ని బిల్లులు కాస్త లేటు, కొన్నైతే బ్యాచ్ దాదాపు అయ్యేదాకా రావట్లేదు. హై అంటే ముందు చెయ్యాలి కదా?

సాకెట్_రవి:
ముందు చేస్తుంది బ్రో, కానీ క్యూలో ఉన్నవాటి మధ్యే. వర్కర్ చేతికి వెళ్ళిపోయిన జాబ్‌ని సర్వర్ మధ్యలో లాక్కోదు, ఒక్కో వర్కర్ ఒకసారికి ఒక్కటే చేస్తుంది కాబట్టి అన్నీ బ్యాచ్‌లో ఇరుక్కుంటే హై జాబ్ అయినా ఒకటి ఖాళీ అయ్యేదాకా ఆగాల్సిందే. గేర్‌అడ్మిన్ (సర్వర్ పరిస్థితి చూపే కమాండ్) స్టేటస్ కొట్టి చూడు, ఫంక్షన్ పేరు పక్కన మొత్తం జాబులు, నడుస్తున్నవి, వర్కర్లు అని వరసగా వస్తాయి, చివరి రెండూ సమానమైతే సంగతి ఇదే. స్క్రీన్ బిల్లులకి వేరే ఫంక్షన్ పేరు పెట్టి దానికే కొన్ని వర్కర్లు కేటాయించు. ఒకే వర్కర్‌కి రెండు ఫంక్షన్లూ ఇవ్వకు, ప్రయారిటీ లెక్క ఒక్కో ఫంక్షన్ లోపలే ఉంటుంది, డిఫాల్ట్‌గా ముందు రిజిస్టర్ చేసినదాని క్యూ ముందు ఖాళీ అవుతుంది.

లత_డెవ్:
కాస్త లేటుకి రవి గారు చెప్పిందే కారణం. బ్యాచ్ అయ్యేదాకా రానివి మాత్రం యూనిక్ కీ వల్ల అండి. అదే ఫంక్షన్, అదే యూనిక్‌తో జాబ్ అప్పటికే సర్వర్లో ఉంటే కొత్తది పెట్టదు, మీ క్లయింట్‌ని ఆ పాత జాబ్‌కే తగిలిస్తుంది. పాతది లో ప్రయారిటీ లైన్లో ఎక్కడుందో అక్కడే ఉంటుంది, మీ హై దాన్ని పైకి లాగదు. స్క్రీన్ వాటికి కీ ముందు ఏదైనా ప్రిఫిక్స్ పెట్టండి, లేదా కీ ఖాళీగా (నల్) ఇవ్వండి, లైబ్రరీయే ఒక యూయూఐడీ (రిపీట్ కాని ఐడీ) తయారుచేసుకుంటుంది. అప్పుడప్పుడు ఒకే బిల్లు రెండుసార్లు తయారవుతుంది, కస్టమర్‌ని నిలబెట్టడం కన్నా అదే నయం.

పాత_సీ:
బ్లాకింగ్ కాల్ కదా, టైమౌట్ పెట్టావా? పెట్టకపోతే ఎంతసేపైనా అలాగే ఆగుతుంది. "క్లయింట్_సెట్_టైమౌట్" మిల్లీసెకన్లలో తీసుకుంటుంది. టైమౌట్ అయినంత మాత్రాన, జాబ్ మొదలెట్టేసిన వర్కర్ ఆగదు, అది గుర్తుంచుకో. రిటర్న్ కోడ్‌గా వర్క్ డేటా లేదా వర్క్ స్టేటస్ వస్తే పని అవ్వలేదని అర్థం, లూప్‌లో మళ్ళీ పిలవాలి, వచ్చిన రిజల్ట్ పాయింటర్‌ని ప్రతిసారీ ఫ్రీ చెయ్యాలి. థ్రెడ్లుంటే ఒక్కో థ్రెడ్‌కి ఒక్కో క్లయింట్ ఆబ్జెక్ట్, షేర్ చెయ్యొద్దు.

వంశీ_సి:
థ్యాంక్స్ అందరికీ, ప్రిఫిక్స్ పెట్టాక ఆగిపోవడం పోయింది. ఫంక్షన్ ఇంకా విడగొట్టలేదు, అప్పటిదాకా హై వస్తూనే ఉంటే లో వాటి సంగతేంటి?

లత_డెవ్:
ఆగుతాయండి. హై క్యూలో ఒక్కటి ఉన్నా లో వైపు చూడదు, ఎంతసేపటి నుంచి ఉందన్న లెక్క లేదు. అందుకే విడగొట్టడం వాయిదా వెయ్యకండి.