ఫోటోడయోడ్‌కి రివర్స్ వోల్టేజ్ ఇచ్చినా కరెంటు ఎందుకు పెరగడం లేదు?

కందుకూరు డిప్లొమా: అన్నలారా, ఈసీఈ రెండో ఏడాది చదువుతున్నా. మా రొయ్యల గుంటలో నీళ్లు ఎంత చిక్కబడ్డాయో చూసే మీటరు చేద్దామని బీపీడబ్ల్యూ 34 అనే ఫోటోడయోడ్ (వెలుగు పడితే కరెంటు ఇచ్చే చిన్న సిలికాన్ ముక్క) తెచ్చా. ట్యూబ్‌లైటు కింద 4 మైక్రో ఆంపియర్లు, మేడ మీద మిట్టమధ్యాహ్నం ఎండలో రెండున్నర మిల్లీ ఆంపియర్లు వచ్చింది. తీగలు విడిగా పెట్టి కొలిస్తే వోల్టేజ్ మాత్రం 0.28 నుంచి 0.45 వోల్టులకే పోయింది. రివర్స్‌లో, అంటే బ్యాటరీని తిరగేసి 5 వోల్టులు ఇచ్చినా కరెంటు అంతే. ఇంతకీ ఈ కరెంటు ఎక్కడిది?

కావలి టీవీ రిపేరు: అబ్బయా, నీ కొలతలు కరెక్టే. ఇరవై రెండేళ్లుగా టీవీలు బాగు చేస్తా ఉన్నా. రిమోట్ సిగ్నల్ అందుకునే కన్నులో ఉండేదీ ఇలాంటిదే.

కరెంటు పుట్టించేది వెలుగు, బ్యాటరీ కాదు. డయోడ్‌లో ఎలక్ట్రాన్లు కొరవైన సిలికాన్ పీ, ఎక్కువున్నది ఎన్; ఆ రెండూ కలిసేచోట (జంక్షన్) ఛార్జీలు ఖాళీ అయిన పొర ఉంటుంది. బ్యాటరీ లేకపోయినా అందులో విద్యుత్ క్షేత్రం ఉంటుంది. ఫోటాన్ (వెలుగు కణం) పడితే సిలికాన్ బంధంలోంచి ఎలక్ట్రాన్ లేస్తుంది, దాని చోట హోల్ (ఖాళీ) మిగులుతుంది. దీనికి కనీసం 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, అందుకే 1,100 నానోమీటర్లు దాటిన వెలుగు పనికిరాదు.

కళ్లంలో తూర్పారబట్టడం చూసుంటావు గదా. చేటలోంచి వడ్లూ తాలూ కలిసే జారతాయి. గాలి ఉంటే తాలు దూరంగా పోతుంది, లేకపోతే రెండూ ఒకే కుప్పలో పడతాయి. ఇక్కడ గాలి ఆ క్షేత్రమే: ఎలక్ట్రాన్‌ని ఎన్ వైపు, హోల్‌ని పీ వైపు తోస్తుంది. నువ్వు 5 వోల్టులిస్తే గాలి గట్టిపడింది, పొర వెడల్పయింది. చేటలోంచి జారే గింజలే, అంటే వెలుగు పుట్టించే ఎలక్ట్రాన్-హోల్ జతలే అంతయితే గాలి పెంచి ఏం లాభం? కెపాసిటెన్స్ (ఛార్జీ పట్టి ఉంచే గుణం) తగ్గి, మారే వెలుగును తొందరగా అందుకుంటుంది, అంతే.

ఒంగోలు ఫిజిక్స్: వోల్టేజ్ సంగతి నేను చెబుతా. తీగలు విడిగా ఉన్నప్పుడు ఛార్జీలు పోయే దారి లేక రెండువైపులా పోగుపడతాయి. పోగుపడేకొద్దీ జంక్షన్ దగ్గర అడ్డు తగ్గి, వెనక్కి కారిపోతాయి. పుట్టిందంతా కారిపోయేచోట వోల్టేజ్ ఆగుతుంది. ఆ కారడం సుమారు 60 మిల్లీవోల్టులకోసారి పదింతలవుతుంది. మీ కరెంటు 600 రెట్లు పెరిగింది. లెక్క ప్రకారం సుమారు 170 మిల్లీవోల్టులు పెరగాలి, మీ మీటరు చూపిందీ అదే! గుంట నీళ్లకు కరెంటునే కొలవండి, వెలుగుకు సరిగ్గా అనుపాతంలో ఉండేది అది. ఎండ పడకుండా నల్ల పైపులో పెట్టండి.

కందుకూరు డిప్లొమా: పైపు ముక్కలో, ఒక పక్క ఎర్ర ఎల్‌ఈడీ పెట్టి చూశా సార్. బోరు నీళ్లకు 31 మైక్రో ఆంపియర్లు, గుంట నీళ్లకు 19. రోజూ పొద్దున్నే కొలిచి నోటుబుక్కులో రాస్తా.