రాబోయే యూనికోడ్ మార్పుల్ని మన గళ్లనుడికట్టులో ముందే కలిపేద్దామా, ఆగుదామా?

రాయగడ తమ్ముడు:
యూనికోడ్ అంటే కంప్యూటర్లు, ఫోన్లు అన్ని లిపుల్నీ చూపడానికి వాడే ఉమ్మడి ప్రమాణం. దాని 15.1, 16.0, 17.0 కూర్పులు మూడూ సెప్టెంబరులోనే వచ్చాయి. ప్రతిసారీ కొన్ని నెలల ముందే ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడుగుతారు. మన తెలుగు-ఒడియా గళ్లనుడికట్టు కోడ్ అందరిదీ, ఎవరైనా మార్చొచ్చు. మరి ముసాయిదా రాగానే కలిపేస్తే ఏం? 2023లో 15.1 వచ్చేదాకా కంప్యూటర్ ‘లక్ష్మి’ని ల, క్, ష్, మి అని నాలుగు ముక్కలు చేసేది. కొత్త నియమంతో ల, క్ష్మి, రెండే. మనవాళ్లు కాగితం మీద ఎప్పుడూ వేసేది ఆ రెండు గళ్లే! ఒడియాకీ అదే నియమం వచ్చింది. ఇంత మంచి మార్పు మన పిల్లలకి ఏడాది ఆలస్యంగా అందింది. మళ్లీ అలా జరగకూడదు.

గుణుపురం మాస్టారు:
బాబూ, ముసాయిదాలో ఉన్నది చివరికి ఉంటుందని హామీ లేదు. ఆ మార్పు కలిపిన మర్నాడు మా ఇంట్లో ఏమైందో చెబుతాను. మనవరాలు వారం రోజులు కూర్చుని సగం నింపిన నుడికట్టు తెరిస్తే అక్షరాలన్నీ పక్క గళ్లలోకి జరిగిపోయాయి. జవాబుల్ని గడి నంబరుతో దాచాం కదా, ఒత్తులు కలిసి గళ్లు తగ్గేసరికి నంబర్లన్నీ తప్పాయి. పిల్ల ఏడ్చింది. మా వీధి పిల్లలు బడిలో చదివేది ఒడియా, తెలుగు అక్షరాలు దిద్దేది ఇంట్లో. వాళ్ల చేతిలో ఉన్నదాని మీద ప్రయోగాలు వద్దు. తుది కూర్పు వచ్చాక ఆరు నెలలు ఆగుదాం.

పర్లాకిమిడి అక్క:
మాస్టారూ, మీ మనవరాలి కష్టం నిజం. కానీ ఆ తప్పు యూనికోడ్‌ది కాదు, గడి నంబరు నమ్ముకున్న మనది. ఆరు నెలలు ఆగి కలిపినా అలాగే జరిగేది.

తమ్ముడూ, నువ్వు రెండు వేరు సంగతుల్ని ఒకటిగా చూస్తున్నావు. కొత్త అక్షరం చేరడం వేరు. 2014లో 7.0తో ఴ వచ్చింది, 2021లో 14.0తో నకారపొల్లు (‘న్’కి పాత రూపం) వచ్చింది. ఫాంటు లేని ఫోన్‌లో డబ్బా కనిపిస్తుంది, అంతే. మన పాత నుడికట్లకి వాటితో పని లేదు. నియమం మారడం అలా కాదు. పిల్లలు దాచుకున్నదాన్ని కూడా మార్చేస్తుంది. ముందే చేర్చినా అక్షరంతో పెద్ద నష్టం లేదు, నియమాన్ని మాత్రం పిల్లల ఫోన్లకి పంపొద్దు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోనూకూడదు. యూనికోడ్‌లో ఒకసారి చేరిన అక్షరాన్ని తీసెయ్యరు, చోటు మార్చరు, పేరూ మార్చరు. మా జిల్లాలో సొర మాట్లాడేవాళ్లున్నారు. మంగెయి గొమాంగో 1936లో కూర్చిన సొర సొంపెంగ్ లిపి యూనికోడ్ 6.1లో చేరేసరికి 2012 అయింది. అన్నేళ్లు ఆగి చేరిన లిపిలో పేరు తప్పు పడితే అలాగే ఉండిపోతుంది. అభ్యంతరం చెప్పాల్సింది ముసాయిదా రోజుల్లోనే. వాడి చూడకుండా ఏం చెబుతాం?

అందుకే ముసాయిదాకి వేరే శాఖ (అసలు కోడ్‌ని తాకని విడి నకలు) పెట్టి, మన పాత నుడికట్లన్నీ అందులో నడిపి చూద్దాం. ఏ మాటకి గళ్ల లెక్క మారిందో పట్టీ తీసి, తేడా ఉంటే యూనికోడ్ వాళ్లకి రాద్దాం. తుది కూర్పు వచ్చాకే అసలు శాఖలో కలుపుదాం. ప్రతి నుడికట్టు ఫైల్లోనూ అది ఏ కూర్పు లెక్కతో కట్టిందో రాసిపెట్టాలి. మొదలుపెట్టినది ఆ లెక్కతోనే పూర్తవ్వాలి.

గుణుపురం మాస్టారు:
ఫైల్లో కూర్పు రాస్తే సరిపోదమ్మా. అక్షరాల్ని విడగొట్టేది ఫోనే అయితే, పాత ఫోన్ పాత లెక్కే చెబుతుంది. అన్న ఫోన్‌లో రెండు గళ్లు, చెల్లి ఫోన్‌లో నాలుగు.

పర్లాకిమిడి అక్క:
నిజమే మాస్టారూ, అది నాకు తట్టలేదు. అయితే నియమాల పట్టికను మన యాప్‌లోనే పెట్టుకోవాలి. సైజు కొంచెం పెరుగుతుంది, ఏటా ఒకరు కూర్చుని దాన్ని సరిచూడాలి. ఆ పని నేను చేస్తాను.

రాయగడ తమ్ముడు:
వేరే శాఖ ఈ రాత్రే తెరుస్తాను అక్కా. పాత నుడికట్లు నడిపాక ‘లక్ష్మి’, ‘ఉజ్జ్వల’, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల పట్టీ ఇక్కడే పెడతాను. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క వస్తుంది, ముందు అది చూడాలి. మాస్టారూ, మనవరాలి నుడికట్టు ఫైలు ఇంకా ఉంటే పంపండి. మొదటి పరీక్ష దానితోనే చేస్తాను.

గుణుపురం మాస్టారు:
ఉంది, పంపిస్తాను. ఆరు నెలలు కాకపోయినా నెలైనా ఆగాలన్న మాట మీదే ఉన్నాను.