ఏడుగురు పిల్లలా, ఏడుగురు కొడుకులా?

ప్రశ్న: మెక్సికన్ మూలాలున్న అమెరికన్ రచయిత్రి సాండ్రా సిస్నెరోస్ ఇంగ్లీషులో తన కుటుంబం గురించి రాసిన 'ఓన్లీ డాటర్' వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో తండ్రి కనిపించిన వారందరికీ 'నాకు ఏడుగురు కొడుకులు' అని చెప్పుకుంటాడు. నిజానికి ఆయనకు ఆరుగురు కొడుకులు, ఒక్క కూతురు, ఆ రచయిత్రే. తెలుగులో 'ఏడుగురు పిల్లలు' అని సరిదిద్దవచ్చా?

జవాబు: దయచేసి సరిదిద్దకండి, వ్యాసం ప్రాణం ఆ తప్పులోనే ఉంది. ఆయన మనసులో ఉన్న స్పానిష్ మాట 'సియెతె ఇహోస్'. ఇహో అంటే కొడుకు, ఇహా అంటే కూతురు. ఇద్దరినీ కలిపి చెప్పాల్సి వస్తే బహువచనం పుంలింగంలోనే, ఇహోస్. స్పానిష్‌లో అందులో కూతురు కూడా ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి 'కొడుకులు' అయి, అమ్మాయి ఎగిరిపోయింది. నాన్నకు దురుద్దేశం లేదని ఆమే రాసింది. అయినా చొక్కా చేయి పట్టి లాగి, ఆరుగురే, ఒక కూతురు అని గొణిగేది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది చదువు సంగతి. అయిదో తరగతిలో కాలేజీకి వెళ్తానంటే తండ్రి సంతోషించాడు. ఎందుకంటే అక్కడ మంచి మొగుడు దొరుకుతాడని! కాలేజీ అయింది, పైచదువూ అయింది, మొగుడు మాత్రం రాలేదు. చదువంతా వృథా అని ఆయన తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం దీన్ని తిరగేసి చూస్తుంది: ఆడపిల్ల ఏం చదివితే ఏముందిలే అని వదిలేశారు కాబట్టే సాహిత్యం చదువుకోగలిగింది, రాసుకోగలిగింది. చిన్నచూపు సందులోంచి దొరికిన స్వేచ్ఛ అది. ఈ ఎత్తిపొడుపు తెలుగులో మెత్తబడకుండా చూసుకోండి.

మగవాడికి చిక్కు వేరు. అలాంటి మెక్సికన్ కుటుంబం నుంచే వచ్చిన అమెరికన్ రచయిత రిచర్డ్ రోడ్రిగెజ్ 1982 నాటి ఆత్మకథలో, మగవాడు ఫెయో, ఫుఎర్తె, ఫోర్మాల్‌గా ఉండాలనే మాట వస్తుంది: మొరటుగా, బలంగా, నిలకడగా. భాషాసాహిత్యాలు చదివి ఆ కొలతకు తాను దూరమయ్యానని అతని బాధ.

మెక్సికన్ మూలాలున్న మరో అమెరికన్ రచయిత్రి గ్లోరియా అన్సాల్దువా 1987లో రాసిన పుస్తకంలో ఇంకో బహువచనం ఉంది. తన కుటుంబంలో ఆరు తరాల్లో టెక్సస్‌లోని రియో గ్రాండే లోయ విడిచి వెళ్ళిన మొదటి మనిషి తానే అంటుంది. పాన్ అమెరికన్ విశ్వవిద్యాలయంలో చికానో (మెక్సికన్ మూలాలున్న అమెరికన్) విద్యార్థులందరూ యాస పోగొట్టుకోవడానికి రెండు ప్రసంగ తరగతులు తీసుకోవాల్సి వచ్చేదని రాసింది. ఒకసారి ఒక ప్యూర్టోరికో స్త్రీ, ఒక క్యూబా స్త్రీ 'నొసోత్రాస్' అనడం విని ఉలిక్కిపడింది. 'మనం' అనే మాటకు స్త్రీరూపం ఒకటి ఉందనే ఆమెకు తెలియదు. చికానాలు, అంటే చికానో స్త్రీలు, ఆడవాళ్ళ మధ్య కూడా పుంలింగ 'నొసోత్రోస్' అనే వాడేవారట.

మరొకరు: మన 'మనం'కు లింగం లేదు, ఆ గొడవ మనకు లేదు. పైగా 'పిల్ల' అంటే ఆడపిల్ల, 'పిల్లలు' అంటే అందరూ. ఇహోస్‌కు సరిగ్గా ఎదురు. అందుకే 'పిల్లలు' వేస్తే అర్థం కుదిరి, గాయం మాయమవుతుంది.

ఇంకొకరు: అంత మురిసిపోకండి మాస్టారూ. 'విద్యార్థులు' ఏం చేస్తోంది? సభల్లో 'విద్యార్థినీ విద్యార్థులారా' అని వేరుగా పిలవాల్సి వస్తోందంటే ఒక్క మాట సరిపోవడం లేదనే కదా?

జవాబు: నిజమే. అయినా అనువాదానికి నా సలహా ఇది. తండ్రి ఇంగ్లీషులో చెప్పే చోట 'ఏడుగురు కొడుకులు' ఉంచండి. స్పానిష్ మాటను 'సియెతె ఇహోస్' అనే వదిలి, పక్క వాక్యంలో పిల్లలు, కొడుకులు రెండూ కలిసిపోతాయని చెప్పండి. అడుగున సూచిక వేస్తే ఎవరూ చదవరు.

ప్రశ్న: ధన్యవాదాలండీ. మరి శీర్షిక కింద పరిచయంలో 'చికానో రచయిత్రి' అనాలా, 'చికానా రచయిత్రి' అనాలా?

జవాబు: చికానా అనండి. 'చికానో' అంటే ఆ తండ్రి లెక్కే అవుతుంది.