క్యూబిట్‌లో 17, క్యూపీసీఆర్‌లో 6: ఏ అంకె నమ్మాలి? ప్రైమర్లు విడిగా కొనొచ్చా?

ప్రశ్న:
వరి డీఎన్ఏతో 8 ఇల్యుమినా లైబ్రరీలు (సీక్వెన్సింగ్ యంత్రంలో చదివించడానికి సిద్ధం చేసిన డీఎన్ఏ ముక్కలు) చేశానండీ. ఒకటి క్యూబిట్‌లో (రంగు వెలుగుతో డీఎన్ఏ కొలిచే పరికరం) మైక్రోలీటరుకి 4 నానోగ్రాములు చూపించింది. సగటు సైజు 350 బేస్‌పెయిర్లు, అంటే 17.3 నానోమోలార్. క్యూపీసీఆర్‌లో (డీఎన్ఏని పెంచుతూ కొలిచే పద్ధతి) అదే లైబ్రరీ 6 నానోమోలార్ దగ్గర ఆగిపోయింది. పోయినసారి క్యూబిట్ అంకె పట్టుకుని సీక్వెన్సర్‌లో లోడ్ చేస్తే క్లస్టర్లు (ఒక్కో ముక్క నకళ్ల గుంపులు) పలచగా వచ్చి రన్ మొత్తం పోయింది. మా మేడమ్ ఏమీ అనలేదు, నాకే రెండు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు క్యూపీసీఆర్ కిట్ అడుగంటింది. ల్యాబ్‌లో మామూలు సైబర్ గ్రీన్ మిక్స్ (క్యూపీసీఆర్‌కి వాడే రంగు మిశ్రమం) ఉంది. లైబ్రరీ కొసలకి అతికే పీ5, పీ7 ప్రైమర్లు తెప్పించుకుంటే సరిపోతుందా?

జవాబు 1:
క్యూపీసీఆర్‌నే నమ్మండి. క్యూబిట్ రంగుకి జంటపోగుల డీఎన్ఏ అయితే చాలు, అడాప్టర్ (ముక్క కొసలకి అతికించే చిన్న డీఎన్ఏ) ఒక కొసకే అతికినా, అసలు అతకకపోయినా కొలిచేస్తుంది. క్లస్టర్ కట్టేది రెండు కొసలా అడాప్టర్ ఉన్న ముక్కే. పీ5, పీ7 ప్రైమర్లు పెంచేదీ దాన్నే.

ఇంతకీ ఆ 6 సైజు సవరణ చేశాక వచ్చిందేనా? కాపా కిట్ స్టాండర్డ్ (గాఢత ముందే తెలిసిన డీఎన్ఏ) 452 బేస్‌పెయిర్లది. 452ని 350తో భాగించి, వచ్చినదాంతో ఆ అంకెని గుణించాలి.

ప్రైమర్లు చిన్నవే, పీ5 20 బేసులు, పీ7 21. మామూలు డీసాల్టెడ్ (లవణాలు తీసినవి) చాలు. చిక్కంతా స్టాండర్డ్‌తోనే. అది సొంతంగా చేసుకోవాలంటే, ఇదివరకు చక్కగా నడిచిన లైబ్రరీని కిట్ స్టాండర్డ్‌తో కొలిచి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కిట్ పూర్తిగా అయిపోకముందే ఆ పని చేయాలి.

జవాబు 2:
మిక్స్ మీద రాక్స్ (క్యూపీసీఆర్ యంత్రం రీడింగులు సరిచూసుకునే రంగు) సంగతి చూసుకోండి. స్టెప్‌వన్‌ప్లస్‌కి హై రాక్స్, 7500కి లో రాక్స్, బయోరాడ్ సీఎఫ్ఎక్స్‌కి అక్కర్లేదు. డైల్యూషన్లు వట్టి నీళ్లలో చేయకండి, పీకోమోలార్ స్థాయిలో డీఎన్ఏ ప్లాస్టిక్‌కి అంటుకుపోతుంది. 10 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8, అందులో 0.05 శాతం ట్వీన్ 20 కలపండి. స్టాండర్డ్ కర్వ్ స్లోప్ −3.1కీ −3.6కీ మధ్య లేకపోతే ఆ ప్లేటు వదిలేయండి.

ఇంకొకటి, అడాప్టర్ డైమర్‌కీ (మధ్యలో ముక్క లేకుండా అతుక్కున్న రెండు అడాప్టర్లు) రెండు కొసలూ ఉంటాయి కాబట్టి ఈ ప్రైమర్లు దాన్నీ పెంచుతాయి. టేప్‌స్టేషన్‌లో (ముక్కల సైజు చూపే యంత్రం) 120 బేస్‌పెయిర్ల ప్రాంతం చూశారా?

అడిగినవారు:
సవరణ చేయనే లేదండీ! చేస్తే 7.7 వచ్చింది. డైల్యూషన్లూ నీళ్లలోనే చేశాను. టేప్‌స్టేషన్‌లో 125 దగ్గర చిన్న పీక్ ఉంది, రేపు బీడ్లతో (డీఎన్ఏని పట్టుకునే అయస్కాంత పూసలు) 0.9 నిష్పత్తిలో మళ్లీ శుభ్రం చేస్తాను. మిగిలిన కిట్‌తో ముందు పాత లైబ్రరీని కొలిచి పెట్టుకుంటాను.