ఒకే స్తంభం వెనక రోగ్ ఎన్నిసార్లు దాక్కోవచ్చు?

పటమట_రోగ్:
మేం ఆడేది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేస్తూ తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్, 2014 పుస్తకం. మొన్న ఆదివారం పాడుబడిన గుడి మండపంలో ఆరు గాబ్లిన్లతో (పొట్టి రాక్షసులు) ఫైట్. నాది ఐదో లెవెల్ రోగ్, అంటే చాటుగా దెబ్బతీసే దొంగ పాత్ర. స్తంభం చాటు నుంచి బాణం వేసి, బోనస్ యాక్షన్‌తో (అదే వంతులో దొరికే అదనపు చిన్న పని) మళ్లీ అక్కడే దాక్కున్నా. రెండో రౌండ్‌లో డీఎం (ఆట నడిపి తీర్పులు చెప్పేవాడు) "వాళ్లు చూసేశారు, ఇంకేం దాక్కుంటావు" అన్నాడు. నా స్టెల్త్ (నక్కడం) రోల్ 23. గాబ్లిన్ పాసివ్ పర్సెప్షన్ (వెతక్కుండానే గమనించే శక్తి) 9! బోనస్ యాక్షన్‌తో దాక్కోనిచ్చే కన్నింగ్ యాక్షన్ రోగ్‌కి రెండో లెవెల్లోనే ఇచ్చింది వాడుకోవడానికి కాదా?

బ్రాడీపేట_డీఎం:
ఆ డీఎంని నేనే. కథ మొత్తం చెప్పు తమ్ముడూ. బాణం తగిలినా తగలకపోయినా వేసినవాడి చోటు బయటపడుతుంది, అదీ ఆ పుస్తకంలోనే ఉంది. దాగుడుమూతల్లో దొంగ నిన్ను పట్టుకున్నాక మళ్లీ అదే తలుపు వెనక్కి దూరితే ఎవరైనా ఊరుకుంటారా?

పటమట_రోగ్:
స్తంభం వెనక ఉన్నానని తెలుసు, సరే. ఎటువైపు నుంచి, ఎప్పుడు తల బయటపెడతానో తెలుసా? తెలిస్తే ఆ గాబ్లిన్‌ని నా తరఫున పెట్టండి.

ఉండవల్లి_బార్డ్:
ఇంతకీ స్తంభం ఎంత లావు? మా ఊరి గుహల్లో స్తంభాల వెనక నిలబడి చూశా, నా బొజ్జ బయటికే కనపడింది.

కృష్ణలంక_క్లెరిక్:
2024 రూల్స్‌కి మారండి. కనీసం ముప్పావు వంతు చాటు, శత్రువు చూపుకి అందకూడదు, రోల్ కనీసం 15 రావాలి. గొడవే ఉండదు.

బ్రాడీపేట_డీఎం:
అందులోనూ దాక్కోవడానికి కుదురుతుందా లేదా అనేది డీఎం చెప్పాల్సిందే.

మంగళగిరి_పాలడిన్:
ఆ గాబ్లిన్‌కి ఐదడుగుల్లో నేనే ఉన్నాను. శత్రువు పక్కన మనవాడుంటే నీ స్నీక్ అటాక్ (రోగ్‌కి వచ్చే అదనపు డ్యామేజ్) ఎలాగూ వస్తుంది కదా, దాక్కోవడం దేనికి?

పటమట_రోగ్:
డ్యామేజ్ వస్తుంది, అడ్వాంటేజ్ రాదు. రెండు డీ20లు (ఇరవై ముఖాల పాచికలు) వేసి పెద్దది తీసుకునే ఆ ఛాన్స్ అక్కడ నాకు దాక్కుంటేనే. అయినా నాకో సంగతి అర్థం కాదు. విజార్డ్ (మాంత్రికుడు) ఫైర్‌బాల్ మంత్రం వేస్తే 8 డైస్ డ్యామేజ్, ఇరవై అడుగుల మేర ఉన్నవాళ్లందరికీ. గుడిలో ఎండుగడ్డి ఎందుకు అంటుకోలేదని ఎవరూ అడగలేదు. నా స్నీక్ అటాక్ 3 డైస్ దగ్గరకొచ్చేసరికి అందరికీ కామన్ సెన్స్ గుర్తొస్తుంది!

ఉండవల్లి_బార్డ్:
గడ్డి పాయింట్ కరెక్టే.

బ్రాడీపేట_డీఎం:
సరే, ఇక్కడే చెప్పేస్తా. స్తంభం గొడవ కాదిది. పోయిన నెల కోట గోడెక్కి ఒక్కడివే లోపలికెళ్లావు. ప్రతి తలుపు దగ్గర చెవి పెట్టడం, ఒక రోల్. ప్రతి మెట్టు దగ్గర ఆగడం, ఇంకో రోల్. ముప్పావు గంట! మిగతా నలుగురూ మిరపకాయ బజ్జీలు తెచ్చుకుని, తిని, చట్నీ గిన్నె కూడా కడిగి బోర్లించారు. నువ్వింకా మెట్ల మీదే ఉన్నావు. గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చేది ఒక్కడి ఆట చూడ్డానికి కాదు. నువ్వు దాక్కుంటానన్నప్పుడల్లా ఆ గిన్నే గుర్తొస్తుంది.

పటమట_రోగ్:
ఒక్కడినే ఎందుకెళ్లాను అన్నా? అందరం కలిసి వెళ్దామంటే పాలడిన్‌ది చైన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం), స్టెల్త్‌కి డిస్అడ్వాంటేజ్, రెండు రోల్స్‌లో చిన్నదే తీసుకోవాలి. "నువ్వెళ్లి చూసిరా" అని పంపింది మీరే. వెళ్తే టైమ్ తినేశానంటారు, స్తంభం వెనకే ఉంటే మోసం అంటారు. ఇంకెక్కడ ఉండాలి నేను?

మంగళగిరి_పాలడిన్:
పంపింది నేనే, ఒప్పుకుంటా. కానీ గ్రూప్ చెక్ అనేది ఒకటి ఉంది. అందరూ రోల్ వేస్తారు, కనీసం సగం మంది నెగ్గితే అందరూ నెగ్గినట్టే. ఐదుగురిలో ముగ్గురు చాలు, నేను గణగణమన్నా పర్లేదు. ఆ రోజు మనలో ఎవరికీ తట్టలేదు.

బ్రాడీపేట_డీఎం:
నాకూ తట్టలేదు. తట్టాల్సింది.

పటమట_రోగ్:
అయితే నా స్తంభం?

బ్రాడీపేట_డీఎం:
బాణం వేశాక చాటు మార్చాలి. మండపంలో నాలుగు స్తంభాలు పెట్టింది అందుకే. వచ్చే ఆదివారం అందరూ కలిసే వెళ్తారు, గ్రూప్ చెక్. మ్యాప్ నలిగిపోయింది, ఒక చార్టు పట్రా.

పటమట_రోగ్:
చార్టు తెస్తా. తీర్పు మాత్రం ఒప్పుకోలేదు.