‘లక్షించుచున్’ అని, వెంటనే ‘మఱచెన్’ అనడంలో విరోధం ఉందా?

పోతన భాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్ర పద్యం గురించి ఒక మిత్రులు అడిగిన సందేహం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. చుట్టూ ఉన్నవాటిని చూస్తూ, గమనిస్తూ ఉన్న పిల్లవాడు అదే సమయంలో లోకాన్ని మరచిపోయాడని చెప్పడం ఎలా కుదురుతుందన్నది వారి ప్రశ్న. ముందుగా పద్యం:

పానీయంబులు ద్రావుచుం గుడుచుచున్ భాషించుచున్ హాసలీ
లానిద్రాదులు సేయుచుం దిరుగుచున్ లక్షించుచున్ సంతత
శ్రీనారాయణపాదపద్మయుగళీ చింతామృతాస్వాదసం
ధానుండై మఱచెన్ సురారిసుతుఁ డేతద్విశ్వమున్ భూవరా!

నారదుడు ధర్మరాజుతో చెబుతున్న మాట ఇది. దీనికి మూలమైన వ్యాసుని శ్లోకం ‘ఆసీనః పర్యటన్నశ్నన్ శయానః ప్రపిబన్ బ్రువన్, నానుసంధత్త ఏతాని గోవిందపరిరంభితః’ అని ఉంటుంది. కూర్చోవడం, తిరగడం, తినడం, పడుకోవడం, తాగడం, మాట్లాడడం అనే ఆరు పనులే అందులో ఉన్నాయి. నవ్వడమూ లేదు, చూడడమూ లేదు. అంటే మిత్రులను ఇబ్బంది పెట్టిన ‘లక్షించుచున్’ అనువాదంలో తప్పనిసరై వచ్చిన మాట కాదు, పోతన కోరి చేర్చినది. పైగా గోవిందుని కౌగిలిలో ఉన్న బాలుడు తాను చేస్తున్న ఆ పనులనే పట్టించుకోలేదని వ్యాసుడు అంటే, పోతన ‘ఏతాని’ (ఇవి) అన్నదాన్ని ‘ఏతద్విశ్వమున్’ (ఈ విశ్వాన్ని)గా విస్తరించి, పనులన్నీ సాగుతుండగానే విశ్వమే మరపున పడిందన్నాడు. విరోధంలా కనిపిస్తున్నదాన్ని ఆయన తగ్గించలేదు సరికదా, ఇంకా పెంచాడు. కనుక దాన్ని పొరపాటుగా తీసుకోవడానికి వీల్లేదు.

తెలుగులో ‘మరచు’ అనే క్రియకు జ్ఞాపకం తప్పడం ఒక్కటే అర్థం కాదు. మైమరచి పాట వింటున్నవాడు పాటలో ఒక్క స్వరాన్నీ జారవిడవడు, ఒళ్ళు మరచి పనిచేసేవాడి చేతిలో పని చెడదు. మనసు ఒకదానిలో పూర్తిగా మునిగి, తక్కినది ఎదుట ఉన్నా దానికి అంటకపోవడాన్ని కూడా మనం మరపు అనే అంటాము. మూలంలోని ‘నానుసంధత్త’కు పోతన ఎంచుకున్న ‘మఱచెన్’ ఈ రెండో అర్థంలోనిదే.

వ్యాకరణం కూడా ఈ అర్థాన్నే బలపరుస్తుంది. పద్యంలో ‘చున్’తో ముగిసి ‘చేస్తూ’ అనే అర్థమిచ్చే శత్రర్థకాలు ఆరు ఉన్నాయి. ‘త్రావి, కుడిచి, తిరిగి’ అని ‘చేసి’ అనే అర్థమిచ్చే క్త్వార్థకాలు వేసి ఉంటే ఆ పనులు ముగిశాక చింతన మొదలైందనే భావం వచ్చేది. శత్రర్థకం మాత్రం ప్రధాన క్రియతో పాటే నడిచే పనిని చెబుతుంది కాబట్టి, తాగడమూ నవ్వడమూ చూడడమూ ఆగని చోటనే ఆ తన్మయత్వం ఉందని స్పష్టమవుతున్నది. కళ్ళు మూసుకొని ఒకచోట కూర్చున్నవాని స్థితి కాదిది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది సమాసం నడక. ‘ద్రావుచుం’, ‘గుడుచుచున్’, ‘భాషించుచున్’ అంటూ మొదటి రెండు పాదాలలో మాటలు ముక్కముక్కలుగా తెగి పడుతుంటాయి, దినచర్యలో పనులు మారుతున్నట్టే. ‘సంతత’ అన్న మాటతో రెండో పాదం చివర మొదలైన సమాసం మూడో పాదమంతా నిండి, నాలుగో పాదంలోని ‘ధానుండై’ దాకా ఎక్కడా విరగకుండా సాగుతుంది. ఎడతెగనిదని చెప్పే మాటతోనే ఆ ఎడతెగని సమాసం ఆరంభమైంది. మూలంలో ‘న’తో నిషేధించిన అనుసంధానంలోని ‘సంధానం’ ఇక్కడ నిషేధం వదిలించుకొని, బాలుని మనసు నిలిచిన తీరును చెప్పే మాటగా మారింది. అనువాదంలో ఇంత సూక్ష్మమైన పని నేను అరుదుగా చూశాను.

చూస్తూ, మాట్లాడుతూ లోపల ఒకే ధారలో ఉండడం భక్తునికే పరిమితమా అన్న అనుబంధ ప్రశ్నకు, పృచ్ఛకులు (ప్రశ్నించేవారు) అడిగినవాటికి ఆశువుగా పద్యాలు చెప్పే మన అవధానమే సమాధానం చెబుతుంది. ‘అవధానం’, ‘సంధానం’, ‘సమాధి’ అన్నీ ‘ధా’ ధాతువు నుంచి పుట్టినవే. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ఒక్కొక్క అక్షరానికీ అడ్డు తగులుతుండగా, అప్రస్తుత ప్రసంగం చేసేవారు మధ్యలో కల్పించుకొని చమత్కారంగా ఏదో అడుగుతారు. అవధాని వారికి నవ్వుతూ బదులిచ్చి, ఆగిన పాదాన్ని ఆగిన అక్షరం నుంచే అందుకుంటాడు. అక్కడ ‘భాషించుచున్’, ‘హాసలీలా’, ‘లక్షించుచున్’ మూడూ మన కళ్ళెదుటే జరుగుతాయి. అయితే ఒక్క భేదం చెప్పాలి: చివర ధారణ చేయవలసిన, అంటే చెప్పిన పద్యాలన్నీ తిరిగి అప్పగించవలసిన అవధాని దేనినీ మరవకూడదు, ప్రహ్లాదునికి ఆ పూచీ లేదు.

పిల్లలకు ఈ పద్యం నేర్పేవారికి ఒక మనవి. ‘ఆస్వాదసం’ దగ్గర పాదం ముగిసిందని ఊపిరి తీసుకొని ఆగితే మాట రెండుగా విరిగి, ‘ధానుండై’ అర్థంలేని శబ్దంగా మిగులుతుంది. ఊపిరి తీసుకోవలసి వస్తే ‘లక్షించుచున్’ తరువాత తీసుకొని, ‘సంతత’ నుంచి ‘సంధానుండై’ వరకు ఒకే దమ్ములో చదివించండి.